కారు దారికి రాతి క్యూబులు పరిపించిన నా అనుభవం

2021 నవంబరులో తిరుపతిని ముంచెత్తిన వరద మా ఇంట్లోకి రాలేదు గానీ, గేటు నుంచి పోర్టికో దాకా ఉన్న సిమెంటు గచ్చు కింది మట్టిని కోసుకుపోయి, దానిని మూడుచోట్ల పగలగొట్టి వెళ్లింది. మళ్లీ గచ్చే వేయించాలా, టైల్స్ పరిపించాలా అన్న చర్చ ఇంట్లో ఏడాది నడిచింది. వాననీటిని కొంతైనా భూమిలోకి ఇంకనిచ్చేది, చెడినచోట మాత్రమే తీసి సరిచేసుకోగలిగేది కావాలన్న ఆలోచనతో, చివరకు నాలుగంగుళాల రాతి క్యూబుల వైపు మొగ్గాను.

మొదట చూసినవి కడప నల్లరాయి, బేతంచెర్ల రాయి. రెండూ అందమైనవే, గ్రానైట్‌తో పోలిస్తే చవకైనవే. అయితే రెండూ సున్నపురాయి జాతికి చెందినవి. నమూనాగా తెచ్చిన ముక్కలపై నిమ్మకాయ పిండి రాత్రంతా వదిలేస్తే, తెల్లవారేసరికి చుక్క పడినచోటల్లా మెరుపు పోయి మచ్చ మిగిలింది. పక్కనే పెట్టిన బూడిదరంగు గ్రానైట్ ముక్క మీద ఏ గుర్తూ లేదు. చిత్తూరు, కుప్పం ప్రాంతాల్లో గ్రానైట్ క్వారీలు ఉండగా దూరాన్నుంచి రాయి తెప్పించుకోవడం ఎందుకనిపించి, చిత్తూరు వైపున్న రాయి కోసే ఒక యూనిట్‌కు వెళ్లాను.

అక్కడ తెలిసిన అసలు విషయం, రాయి రంగు కన్నా దాని పైముఖం ముఖ్యమని. పాలిష్ పెట్టిన ముఖం తడిస్తే జారుతుంది. ఉలితో కొట్టిన ముఖానికి పట్టు బాగుంటుంది గానీ, చేతికర్రతో నడిచే మా అమ్మకు ఆ ఎగుడుదిగుళ్లు ప్రమాదం. పక్కలు మెషిన్‌తో కోసి, పైముఖాన్ని మంటతో కాల్చి గరుకు చేసిన రకం మాకు కుదిరింది. మా దారి పదడుగుల వెడల్పు, ముప్ఫై అడుగుల పొడవు. పావు అంగుళం సందుతో పరిస్తే చదరపు అడుగుకు సుమారు ఎనిమిది రాళ్లు పడతాయి కాబట్టి 2,400 కావాలి. ముక్కలయ్యేవాటికి, ముందుముందు అవసరాలకు కలిపి 2,600 చెప్పాను. ఒక్కొక్కటి దాదాపు 2.7 కిలోలు ఉంటుంది. అంటే మొత్తం ఏడు టన్నుల సరుకు. రవాణా ఖర్చును ముందే లెక్కలో వేసుకోకపోవడం నా మొదటి పొరపాటు.

రెండో పొరపాటు పెద్దది. మొదట వచ్చిన మేస్త్రీ ఆరంగుళాలే తవ్వి, రెండంగుళాల ఇసుక పోసి, దానిపై రాళ్లు పరిచి, "సార్, సందుల్లో సిమెంటు పాలు పోస్తే జన్మలో కదలవు" అన్నాడు. నేనూ సరేనన్నాను. ఒక్క వానాకాలానికే కారు చక్రాలు నడిచే రెండు వరుసలూ అంగుళానికి పైగా కుంగి, నీళ్లు నిలిచాయి. కింద ఇసుక కదులుతుంటే పైన సిమెంటు బిగుసుకుని ఉండలేదు. సందులన్నీ జుట్టంత పగుళ్లు ఇచ్చాయి. సిమెంటులోంచి ఊరిన తెల్లటి ఉప్పు రాళ్ల అంచులకు పట్టింది. దానిని వదిలించాలని బాత్‌రూం యాసిడ్ పోసి రుద్దితే, గ్రానైట్‌లోని ఇనుము బయటపడి పసుపు మరకలు తేలాయి. ఆ ఇరవై ముప్ఫై రాళ్లను ఇప్పుడు పూలకుండీల కింద దాచాను.

రెండోసారి చిత్తూరు నుంచి వచ్చిన మేస్త్రీ రాళ్లన్నీ పీకించి, ముందు ఇద్దరు మనుషుల్ని నాలుగు రోజులు కూర్చోబెట్టి అంచులకు అంటిన సిమెంటును ఉలితో గీకించాడు. తరువాత పద్నాలుగు అంగుళాలు తవ్వించి, రాతిపొడి (డస్ట్) కలిపిన కంకరను నాలుగేసి అంగుళాల చొప్పున రెండు పొరలుగా పోయించి, ఒక్కో పొరనూ నీళ్లు చల్లి రోలర్‌తో తొక్కించాడు. దానిపై రెండంగుళాల సన్న రాతి చిప్స్, ఆపైన రాళ్లు. ఇరువైపులా కాంక్రీటులో బిగించిన అంచురాళ్లు లేకపోతే చక్రాల ఒత్తిడికి వరుసలు పక్కలకు జరుగుతాయని ముందు వాటినే నిలబెట్టాడు. ఇంటి వైపు కన్నా గేటు వైపు ఆరంగుళాల పల్లం ఉండేట్టు నీటిగొట్టంతో మట్టం చూసి, దారం కట్టి, ఇటుక గోడలో మాదిరి సందు మీద సందు రాకుండా పరిచాడు. సందుల్లో సిమెంటు బదులు ముతక ఇసుకను చీపురుతో ఊడ్చి నింపించాడు.

గేటు ముందర మాత్రం నాలుగడుగుల నున్నని బండ వేయించాం. క్యూబుల మీద ముగ్గు నిలవదని, పిండి సందుల్లోకే పోతుందని మా ఆవిడ మొదటి మేస్త్రీతోనే చెప్పింది, ఆయన వినలేదు.

సంరక్షణ పెద్ద పని కాదు గానీ మానకూడదు. వానలు వెలిసిన తరువాత, అంటే మాకు డిసెంబరు చివర్లో, కొట్టుకుపోయినంత ఇసుకను మళ్లీ నింపుతాను. గరికను వేరుతో సహా లాగాలి; ఆలస్యమైతే వేరు రాయి కిందికి పాకుతుంది. నీడ పడే ఉత్తరం వైపు పాచికి పలుచని బ్లీచింగ్ నీళ్లు, గట్టి కొబ్బరి చీపురు చాలు. బండి నుంచి కారిన ఆయిల్‌పై వెంటనే రంపపు పొట్టు చల్లి, మర్నాడు ఊడ్చి సబ్బునీటితో కడగాలి. ఒత్తిడితో నీళ్లు చిమ్మే మెషిన్‌ను ఒకసారి వాడి, సందుల్లోని ఇసుకంతా గేటు బయటికి కొట్టుకుపోవడం చూశాక దాని జోలికి పోలేదు.

నిరుడు గేటు దగ్గర మున్సిపల్ నీటి పైపు కారినప్పుడు ప్లంబరు నలభై రాళ్లు తీసి, పని ముగించి, కింద చిప్స్ మళ్లీ దిమ్మిస చేసి, మధ్యాహ్నానికల్లా అవే రాళ్లు యథాస్థానంలో పెట్టాడు. అతుకు ఎక్కడుందో నాకే కనిపించదు. మెట్ల కింద పేర్చి ఉంచిన అదనపు రాళ్లలో ఆ రోజు వాడినవి రెండే.