కత్సుయోరిని కూల్చింది నగాషినో కాదు

జపాన్ అంతర్యుద్ధాల చరిత్రలో తకేదా కత్సుయోరి పేరు రాగానే, 1575లో నగాషినో వద్ద ఓడా నొబునాగా తుపాకులకు ఎదురేగి, తండ్రి షింగెన్ కూడబెట్టిన బలగాన్ని ఒక్క పూటలో పోగొట్టుకున్న కొడుకే గుర్తొస్తాడు. ఈ ముద్ర నాకు అన్యాయంగా తోస్తుంది, ఎందుకంటే ఆ తర్వాత కూడా అతడు దాదాపు ఏడేళ్లు రాజ్యమేలాడు.

అతడు పుట్టుకతో వారసుడు కాడు. తల్లిది షింగెన్ చేతిలోనే చితికిపోయిన సువా వంశం. పెద్దన్న యోషినోబు 1567లో నిర్బంధంలో చనిపోయాకనే నాలుగో కొడుకైన ఇతనికి దారి దొరికింది. 1573లో షింగెన్ కన్నుమూశాక, తండ్రి నాటి సేనానుల ఎదుట తన సత్తా చూపవలసి వచ్చిన కత్సుయోరి, మరుసటి ఏడే తండ్రికి దక్కని తకాతెన్‌జిన్ కోటను పట్టాడు.

అతని కొంప ముంచింది ఆ కోటే. 1578లో పొరుగు ప్రభువులైన ఉఎసుగి వంశంలో వారసత్వపు పోరు రేగినప్పుడు, తన భార్యకు సోదరుడైన కగెతోరాను కాదని ప్రత్యర్థి కగెకత్సుతో చేయి కలపడంతో, అత్తవారైన హోజోలు పగవారయ్యారు. ఒకవైపు వారిని కాచుకుంటూ, మరోవైపు నొబునాగా మిత్రుడైన తొకుగావా ఇయెయాసు తకాతెన్‌జిన్ చుట్టూ చిన్న చిన్న కోటలు కట్టి బిగించిన ముట్టడిని ఛేదించడం అతని తరం కాలేదు. లోపలివారు లొంగిపోతామని కబురంపితే, నొబునాగా ఒప్పుకోవద్దన్నాడు. సాయం రాక ఆ కోట కూలితే, కత్సుయోరిని నమ్ముకున్న మిగతా కోటలవారికీ గుండె జారుతుందని అతని లెక్క. ఎంత క్రూరమో అంత పదునైన లెక్క అది! 1581లో, ఆకలితో సోలిపోయిన సైనికులు బయటికి దూకి ప్రాణాలు వదిలారు.

మరుసటి ఏడు నొబునాగా సేనలు కదిలేసరికి షింగెన్ అల్లుళ్లైన కిసో, అనాయామా ఇద్దరూ అవతలి పక్షం చేరారు. తకాతో కోటలో తమ్ముడు మోరినోబు తప్ప గట్టిగా నిలిచి పోరాడినవారు అరుదు. కొత్తగా కట్టుకున్న షిన్పు కోటకు తానే నిప్పుపెట్టి బయలుదేరిన కత్సుయోరికి, ఆశ్రయమిస్తానన్న సామంతుడు ఓయామాదా దారి మూసేశాడు. భార్య, కొడుకు నొబుకత్సులతో సహా తెన్‌మొకు కొండ దిగువన అతని కథ ముగిసింది. ప్రభువుకు ద్రోహం చేశాడంటూ ఓయామాదాను ఓడా పక్షంవారే చంపించారు. అందరికంటే ముందు ఫిరాయించిన కిసోకు మాత్రం అదనంగా భూములు దక్కాయి.