శుక్రవారం సభకు వెళ్లే బిల్లు

లోన్ యాప్‌ల వేధింపుల మీదో, అధిక వడ్డీల మీదో, వరకట్నం మీదో ఒక ప్రైవేటు బిల్లు (మంత్రి కాని సభ్యులు సొంతంగా పెట్టే బిల్లు) పెట్టాలని చట్టసభ సభ్యులెవరైనా అనుకుంటే ముందు తేల్చుకోవలసిన సంగతి ఒకటుంది. ఆ బిల్లు నాంపల్లిలోని శాసనసభలో పెట్టాలా, ఢిల్లీలోని పార్లమెంటులో పెట్టాలా? ముసాయిదా ఎంత చక్కగా రాసినా ఇక్కడ పొరబడితే మిగతా శ్రమంతా వృథా.

రాజ్యాంగం ఏడో షెడ్యూలు తెరవండి. వడ్డీ వ్యాపారం, రైతుల రుణభారం తగ్గించడం రాష్ట్ర జాబితాలో 30వ అంశం. బ్యాంకింగ్ కేంద్ర జాబితాలో 45వది. పెళ్లి, విడాకులు, వారసత్వం ఉమ్మడి జాబితాలో 5వది. బస్తీలో తిరిగి రోజువారీ వసూలు చేసుకునే ఫైనాన్స్ వ్యాపారిని శాసనసభ కట్టడి చేయగలదు. అదే అప్పు రిజర్వు బ్యాంకు దగ్గర నమోదైన ఎన్‌బీఎఫ్‌సీ (బ్యాంకు కాని ఫైనాన్స్ కంపెనీ) ఇస్తే లెక్క మారిపోతుంది. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ 2010 అక్టోబరులో మైక్రోఫైనాన్స్, అంటే చిన్న అప్పులిచ్చే సంస్థలను కట్టడి చేసే ఆర్డినెన్సు తెచ్చి, 2011లో దాన్ని చట్టం చేసింది. 2022 మేలో సుప్రీంకోర్టు కేరళ, గుజరాత్ వడ్డీ వ్యాపార చట్టాలు ఎన్‌బీఎఫ్‌సీలకు వర్తించవని తేల్చింది. 2023 ఫిబ్రవరిలో తెలంగాణ హైకోర్టు మన మైక్రోఫైనాన్స్ చట్టం విషయంలోనూ అదే మాట చెప్పింది. అందుకే యాప్ వెనకాల ఉన్నదెవరో ముందు చూసుకోవాలి. ఎన్‌బీఎఫ్‌సీ అయితే బిల్లు పార్లమెంటుకే వెళ్లాలి. ఏ నమోదూ లేని వడ్డీ వ్యాపారి అయితే శాసనసభలో పెట్టవచ్చు.

మంత్రి కాని ప్రతి సభ్యుడూ ప్రైవేటు సభ్యుడే. అధికార పార్టీ ఎంపీ అయినా అంతే. పార్లమెంటులో నెల రోజుల ముందు నోటీసు ఇవ్వాలి. బిల్లు ప్రతితో పాటు ఉద్దేశాలు, కారణాల ప్రకటన ఉండాలి. ఖర్చుంటే ఆర్థిక మెమొరాండం, నిబంధనలు చేసే అధికారం ప్రభుత్వానికి ఇస్తుంటే దానికి వేరే మెమొరాండం జతచేయాలి. ముసాయిదాను తెలుగులో ఆలోచించి రాసుకోవడం మంచిదే. కానీ 348వ అధికరణం ప్రకారం పార్లమెంటు బిల్లుకు ప్రామాణిక పాఠం ఇంగ్లీషుదే. కాబట్టి 'పూచీకత్తు', 'హామీ', 'తాకట్టు' లాంటి మాటలకు చట్టంలో ఉన్న సరైన పదమేదో మొదటి రోజే ఖాయం చేసుకోండి.

ప్రైవేటు సభ్యుల పనికి శుక్రవారం రెండున్నర గంటలు ఇస్తారు. అదీ ఒక వారం బిల్లులకు, మరో వారం తీర్మానాలకు. ఏ బిల్లు ముందు చర్చకు రావాలో లాటరీ తేలుస్తుంది. లోక్‌సభలో అయితే దీనికోసమే ఉన్న 15 మంది సభ్యుల కమిటీ బిల్లుల్ని రెండు తరగతులుగా విడదీస్తుంది. రాజ్యాంగ సవరణ అయితే ప్రవేశపెట్టక ముందే ఆ కమిటీ పరిశీలించాలి. ఇదంతా దాటాక కోరం గండం ఉంటుంది. సభ నడవాలంటే సభ్యుల్లో పదోవంతు, అంటే లోక్‌సభలో 55 మంది, రాజ్యసభలో 25 మంది ఉండాలి. శుక్రవారం సాయంత్రం సొంత ఊళ్లకు విమానాలెక్కే వేళ అది. మీ అంశం మీద మాట్లాడతామన్న పదిమందిని ఆ పూట ఢిల్లీలో ఆపి ఉంచడం, ముసాయిదా రాయడమంత ముఖ్యమైన పని.

ఇక డబ్బు సంగతి. మంచి బిల్లులు చాలావరకు ఇక్కడే చిక్కుకుంటాయి. కొత్త పన్ను వేసే బిల్లును 117వ అధికరణం మొదటి ఖండం ప్రకారం రాష్ట్రపతి సిఫారసు లేకుండా ప్రవేశపెట్టనే కూడదు, రాజ్యసభలో అసలే కుదరదు. మూడో ఖండం ఇంకో రకంగా పట్టేస్తుంది. సంచిత నిధి, అంటే ప్రభుత్వ ఖజానా నుంచి ఖర్చయ్యే బిల్లును ప్రవేశపెట్టవచ్చు, కానీ రాష్ట్రపతి సిఫారసు లేకుండా సభ ఆమోదించకూడదు. ఆ సిఫారసు ఇచ్చేది మంత్రిమండలి సలహా మీదే. శాసనసభలో ఇదే పని 207వ అధికరణం కింద గవర్నర్ చేస్తారు. కనుక 'జాతీయ ప్రాధికార సంస్థ ఏర్పాటు చేయాలి', 'సంక్షేమ నిధి నెలకొల్పాలి' అని రాసిన క్షణంలోనే తాళంచెవి ప్రభుత్వం చేతిలో పెట్టినట్టు.

ఒక ఉదాహరణ చూద్దాం. రికవరీ ఏజెంట్లు ఉదయం 8కి ముందు, రాత్రి 7 తర్వాత ఫోన్ చేయకూడదని రిజర్వు బ్యాంకు 2022 ఆగస్టులో ఆదేశించింది. దీన్ని చట్టం చేయాలనుకుందాం. నిర్వచనాల సెక్షన్‌లో 'రుణదాత' అంటే ఎవరో గట్టిగా కట్టాలి. ఏజెంటు, ఏజెంటు పెట్టుకున్న మరో ఏజెంటు, యాప్ నడిపేవాళ్లు, అందరూ అందులోకి రావాలి. లేదంటే మొదటి కేసులోనే కంపెనీ 'వాడు మా మనిషి కాడు' అంటుంది. ఫోన్ వేళలు, బంధువులకు ఫోన్ చేయకూడదన్న నిషేధం, ఫోన్‌లోని ఫొటోలు, నంబర్లు తీసుకోకూడదన్న నిషేధం మూడు వేర్వేరు సెక్షన్లుగా ఉండాలి. ఒకదాన్ని కోర్టు కొట్టేసినా మిగతా రెండూ నిలుస్తాయి. పరిహారం రుణదాత నుంచే బాధితులకు వెళ్లాలి. విచారణకు కొత్త ట్రిబ్యునల్ అడగకుండా, ఇప్పటికే ఉన్న జిల్లా వినియోగదారుల కమిషన్‌కు అప్పగించండి. అలా రాస్తే 117వ అధికరణం అడ్డు చాలావరకు తగ్గుతుంది. ఖర్చు తప్పని సెక్షన్ ఏదైనా మిగిలితే అది ముద్దక్షరాల్లోనో ఇటాలిక్స్‌లోనో అచ్చు కావాలి. ఎంత ఖర్చు, ఏటా అయ్యేదా, ఒక్కసారి అయ్యేదా అన్నది మెమొరాండంలో రాయాలి. 'ఖర్చు అంచనా వేయలేం' అని తప్పించుకుంటే మంత్రి మొదటి అభ్యంతరం అదే అవుతుంది.

సంఘ సంస్కరణ బిల్లుల్లో తప్పులు మరో చోట జరుగుతాయి. బాల్యవివాహాలను అరికట్టడానికి తెచ్చిన శారదా చట్టమనగానే అందరం గౌరవంగా తలుచుకుంటాం. హర్‌బిలాస్ శారదా 1927లో పెట్టిన ఆ బిల్లు ప్రైవేటు సభ్యుడి బిల్లే. 1929లో చట్టమైంది, 1930 ఏప్రిల్ 1న అమల్లోకి వచ్చింది. ఆ మధ్యలో ఆరు నెలలు ఖాళీ వచ్చింది. చట్టం రాకముందే కానిచ్చేద్దామని దేశమంతటా చిన్నపిల్లలకు హడావుడిగా పెళ్లిళ్లు చేశారు. అమలు తేదీ రాసే ఒక్క వాక్యం అన్ని జీవితాల మీద పడింది. పైగా ఆ నేరానికి వారెంటు లేకుండా పోలీసులు అరెస్టు చేయలేకపోయారు. ఫిర్యాదు చేసినవాళ్ల దగ్గరే కోర్టు 100 రూపాయల దాకా బాండు అడిగేది. ఆ రోజుల్లో వంద రూపాయలంటే, ఊరి పెద్దల మీద ఫిర్యాదు చేయడానికి ఎవరు ముందుకొస్తారు? నేరమని రాస్తే సరిపోదు. ఎవరు ఫిర్యాదు చేయాలి, ఎవరికి చేయాలి, చేసినవాళ్లకు రక్షణేమిటి అన్నవి కూడా రాయాలి.

మన దగ్గరి ఉదాహరణ ఇంకా దగ్గరగా తగులుతుంది. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ హిందూ వారసత్వ చట్టాన్ని సవరించి, 1985 సెప్టెంబరు 5 నుంచి కూతుళ్లకు ఉమ్మడి ఆస్తిలో కొడుకులతో సమానంగా జన్మహక్కు ఇచ్చింది. కేంద్రం కంటే ఇరవై ఏళ్ల ముందు! అది ప్రభుత్వ బిల్లే, కానీ పాఠం అందరికీ. అంశం ఉమ్మడి జాబితాలోది కాబట్టి, కేంద్ర చట్టంతో పేచీ రాకుండా 254వ అధికరణం కింద రాష్ట్రపతి ఆమోదం కావాలి. అయితే ఆ తేదీకి ముందే పెళ్లయిన కూతుళ్లకు ఈ హక్కు లేదని అందులో ఒక షరతు పెట్టారు. ఒకే ఇంట్లో అక్కకు లేదు, చెల్లికి ఉంది. ఆ గీత చెరగడానికి కేంద్ర సవరణ అమల్లోకి వచ్చిన 2005 సెప్టెంబరు 9 దాకా ఆగాల్సి వచ్చింది. రాజీ కోసం పెట్టే షరతు ఏ ఇంటి గుమ్మం మీద గీత గీస్తుందో ముసాయిదా దశలోనే చూసుకోవాలి.

స్వాతంత్ర్యం తర్వాత పార్లమెంటు ఆమోదించిన ప్రైవేటు బిల్లులు 14. చివరిది 1970లో. సుప్రీంకోర్టు క్రిమినల్ అప్పీళ్ల పరిధిని పెంచిన చట్టమది. ఈ అంకె చూసి నిరాశపడేవాళ్లకు 2015 ఏప్రిల్ 24ను గుర్తుచేయాలి. డీఎంకే ఎంపీ తిరుచ్చి శివ పెట్టిన ట్రాన్స్‌జెండర్ల హక్కుల బిల్లును ఆ రోజు రాజ్యసభ ఆమోదించింది. ఉపసంహరించుకోమని ప్రభుత్వం కోరినా ఆయన పట్టు వదల్లేదు. ఆ బిల్లు లోక్‌సభను దాటలేదు, చట్టం కాలేదు. ప్రభుత్వం 2016లో సొంత బిల్లు తెచ్చింది, 2019లో మళ్లీ బిల్లు పెట్టి చట్టం చేసింది. మొదటి ముసాయిదాలో ఉన్న బలం దానిలో లేదని ట్రాన్స్‌జెండర్ సంఘాలు అప్పుడే నిరసన తెలిపాయి, అది న్యాయమైన బాధే. అయినా ప్రభుత్వాన్ని కదిలించింది ఆ శుక్రవారమే.

చాలా బిల్లుల ముగింపు మాత్రం ఉపసంహరణే. మంత్రి లేచి సభ్యుడి సదుద్దేశాన్ని మెచ్చుకుంటారు, వెనక్కి తీసుకోమంటారు. ఆ క్షణంలో ఊరికే తలూపకండి. ఏ సెక్షన్ మీద, ఎప్పటిలోగా ఏం చేస్తారో సభలోనే చెప్పించండి. 'పరిశీలిస్తాం' అన్న మాట కూడా రికార్డుల్లోకి ఎక్కితే హామీగా లెక్కకు వస్తుంది. దాన్ని మూడు నెలల్లో నెరవేర్చాలి. నెరవేర్చకపోతే ప్రభుత్వ హామీల కమిటీ ఆ శాఖను పిలిచి అడుగుతుంది. ఉపసంహరణకు సభ అనుమతి అడిగే ముందే ఆ మాట పలికించాలి. అనుమతి వచ్చాక అడగడానికి చేతిలో బిల్లు ఉండదు.