ఇంజనీరింగ్‌కి సేఫ్టీ కాలేజీ: ముందు చూడాల్సింది బ్రాంచ్

అమెరికాలో పన్నెండో తరగతి పిల్లలున్న మన ఇళ్లలో ఆగస్టు వచ్చేసరికి కాలేజీల జాబితా మొదలవుతుంది. పైన నాలుగైదు పెద్ద పేర్లు, మధ్యలో ఏడెనిమిది, చివర ‘ఇది ఎలాగూ వస్తుందిలే’ అని వేసుకున్న పేరు ఒకటి. సేఫ్టీ అని పిలిచే ఆ చివరి పేరు మీద పట్టుమని అరగంట కూడా పెట్టరు. నిజానికి జాబితాలో అన్నింటికంటే జాగ్రత్తగా ఎంచుకోవాల్సింది దాన్నే.

చాలామంది యూనివర్సిటీ మొత్తం అడ్మిట్ రేటు (అప్లై చేసినవారిలో ఎంత శాతానికి సీటిచ్చారో) చూసి సేఫ్టీ అని తేల్చేస్తారు. హిస్టరీకి, సైకాలజీకి ఆ లెక్క సరిపోవచ్చు. ఇంజనీరింగ్‌కి సరిపోదు, కంప్యూటర్ సైన్స్‌కి అసలే సరిపోదు. సియాటిల్‌లోని యూనివర్సిటీ ఆఫ్ వాషింగ్టన్‌నే తీసుకోండి. అక్కడ కంప్యూటర్ సైన్స్ సీటు దాదాపుగా అప్లికేషన్ దశలోనే తేలిపోతుంది. వేరే మేజర్‌లో (అంటే బ్రాంచ్‌లో) చేరి తర్వాత మారదామంటే దారి చాలా ఇరుకు. ‘ముందు లోపలికి వెళ్లనీ, తర్వాత చూసుకుందాం’ అనే మాట అక్కడ పనిచేయదు. ఇలినాయ్ అర్బానా-షాంపేన్‌లోనూ అంతే.

టెక్సస్‌లో మనవాళ్లు ఎక్కువ కాబట్టి అక్కడి సంగతి కాస్త వివరంగా చెప్పుకోవాలి. 1997 చట్టం ప్రకారం హైస్కూల్లో టాప్ 10 శాతంలో ఉన్నవారికి రాష్ట్ర పబ్లిక్ యూనివర్సిటీల్లో ఆటోమేటిక్ అడ్మిషన్ ఉంది. యూటీ ఆస్టిన్‌కి (యూనివర్సిటీ ఆఫ్ టెక్సస్, ఆస్టిన్) మాత్రం మినహాయింపు ఇచ్చారు. అక్కడ చాలాకాలం టాప్ 6 శాతం ఉండేది, 2026 ఫాల్‌లో చేరేవారి నుంచి 5 శాతం చేశారు. ఆ ర్యాంకు యూనివర్సిటీలోకి మాత్రమే హామీ, అందులోని కాక్‌రెల్ ఇంజనీరింగ్ స్కూల్లోకి కాదు. క్లాసులో మూడో ర్యాంకు వచ్చిన పిల్లకు ఆస్టిన్‌లో సీటు వచ్చి, అడిగిన మేజర్ రాకపోవచ్చు.

టెక్సస్ ఏ అండ్ ఎం యూనివర్సిటీ పద్ధతి వేరు. ఇంజనీరింగ్‌లో చేరినవారంతా మొదటి ఏడాది జనరల్ ఇంజనీరింగే. ఆ తర్వాత ఈటామ్ అనే ప్రక్రియలో మేజర్ కేటాయిస్తారు. జీపీఏ (4కి లెక్కేసే సగటు గ్రేడు) కనీసం 3.75 ఉంటే మొదట కోరుకున్న మేజర్ ఖాయం. తగ్గితే మిగిలిన సీట్లకు పోటీ పడాలి. 3.75 అంటే ఎంత బిగువో లెక్కేసి చూడండి. 30 క్రెడిట్ల ఏడాదిలో నాలుగేసి క్రెడిట్ల కోర్సులు రెండింటిలో ‘బి’ గ్రేడు (3 పాయింట్లు) వచ్చి, మిగతా అన్నింటిలో ‘ఏ’ గ్రేడే (4 పాయింట్లు) వచ్చినా 3.73 దగ్గర ఆగిపోతారు. కాలిక్యులస్‌లో ఒక బి, ఫిజిక్స్‌లో ఒక బి చాలు. ఏ ఇంజనీరింగ్ బ్రాంచ్ అయినా ఫరవాలేదనుకునే పిల్లవాడికి ఏ అండ్ ఎం మంచి భరోసా కావచ్చు. కంప్యూటర్ సైన్స్ తప్ప మరేదీ వద్దనేవాడికి కాదు.

అందుకే ప్రతి కాలేజీ గురించీ మొదట అడగాల్సింది ఇది: అడ్మిషన్ లెటర్‌లోనే మేజర్ ఇస్తారా, లేక తర్వాత ఇస్తారా? తర్వాతైతే ఎంత జీపీఏకి గ్యారంటీ? సమాధానం ఆ డిపార్ట్‌మెంట్ వెబ్‌సైట్లో రాతపూర్వకంగా ఉండాలి. క్యాంపస్ టూర్‌లో స్టూడెంట్ గైడ్ చెప్పిన మాటను లెక్కలోకి తీసుకోకండి.

సీటు ఎవరికిస్తారో లెక్క బహిరంగంగా చెప్పే యూనివర్సిటీలే నిజమైన సేఫ్టీలని నా గట్టి అభిప్రాయం. ఉదాహరణకు అయోవా స్టేట్ వాడే సూత్రం చూడండి: ఏసీటీ (ప్రవేశ పరీక్ష) స్కోరును 3తో, జీపీఏను 30తో, హైస్కూల్లో ఇంగ్లీష్, మ్యాథ్స్, సైన్స్ వంటి కోర్ సబ్జెక్టులు ఒక్కొక్కటీ చదివిన సంవత్సరాల మొత్తాన్ని 5తో హెచ్చించి, మూడూ కలపాలి. మొత్తం కనీసం 245 వస్తే సీటు. ఏసీటీ 28, జీపీఏ 3.6, కోర్ 16 సంవత్సరాలు అనుకుంటే 84, 108, 80 కలిపి 272. ఇక ఊహించడానికేమీ లేదు. కాకపోతే ఇలాంటి చోట్ల కూడా ఇంజనీరింగ్ కాలేజీకి విడిగా అదనపు షరతులుండొచ్చు. అరిజోనా స్టేట్‌లో ఫుల్టన్ ఇంజనీరింగ్‌కి యూనివర్సిటీ కనీస అర్హత మీద మరికొన్ని ఉన్నాయి. ఆ పేజీ విడిగా తెరిచి చదవాలి.

లెక్క బయటపెట్టని చోట కామన్ డేటా సెట్ (యూనివర్సిటీలు ఒకే నమూనాలో ఏటా ఇచ్చే అడ్మిషన్ల వివరాలు) వెతకండి. సీ9 విభాగంలో చేరినవారి స్కోర్లుంటాయి. సేఫ్టీ అనుకోవాలంటే మీ పిల్లల స్కోరు 75వ పర్సంటైల్ (చేరినవారిలో 75 శాతం మంది అంతకు మించని స్కోరు) కంటే పైన ఉండాలి, మ్యాథ్స్‌లో ఇంకా బాగా పైన ఉండాలి. ఎందుకంటే ఆ అంకెలు అన్ని బ్రాంచ్‌లవీ కలిపినవి. సీ7లో ‘అప్లికెంట్ ఆసక్తి’కి ఎంత విలువిస్తారో ఉంటుంది. దానికి ప్రాముఖ్యం ఇచ్చే కాలేజీకి మంచి స్కోరున్న విద్యార్థి మొక్కుబడిగా అప్లై చేస్తే, ఎలాగూ రాడులే అని వెయిట్‌లిస్టులో పెట్టే ప్రమాదం ఉంది.

డబ్బు సంగతి తేలకపోతే సీటు వచ్చినా అది సేఫ్టీ కాదు. సాయం పోగా మీకయ్యే ఖర్చు అంచనా వేసే నెట్ ప్రైస్ కాలిక్యులేటర్ ప్రతి యూనివర్సిటీ సైట్లోనూ ఉంటుంది. అయితే కొన్ని పబ్లిక్ యూనివర్సిటీలు ఇంజనీరింగ్‌కి మిగతా బ్రాంచ్‌ల కంటే ఎక్కువ ఫీజు తీసుకుంటాయి, దాన్ని విడిగా కలుపుకోవాలి. మెరిట్ స్కాలర్‌షిప్ వస్తే ఏటా కొనసాగడానికి ఎంత జీపీఏ కావాలో చూడండి. హైస్కూల్లో అన్నీ ‘ఏ’ గ్రేడ్లే తెచ్చుకున్న పిల్లలు కూడా ఇంజనీరింగ్ మొదటి సెమిస్టర్‌లో జారడం మామూలే.

హెచ్‌-4 (ఉద్యోగ వీసా మీద ఉన్నవారి కుటుంబానికిచ్చే వీసా) మీద ఉన్న పిల్లలకు ఈ లెక్క ఇంకా కష్టం. ఫెడరల్ సాయం, ఫెడరల్ లోన్లు వారికి రావు. ఇన్-స్టేట్ ఫీజు (ఆ రాష్ట్రవాసులకు ఉండే తక్కువ ఫీజు) వస్తుందా లేదా అన్నది రాష్ట్రాన్ని బట్టి ఉంటుంది. టెక్సస్‌లో హెచ్‌-4 వారు నివాసం రుజువు చేసుకుంటే అర్హులవుతారు. 21 ఏళ్లు నిండితే హెచ్‌-4 ఉండదు కాబట్టి, గ్రీన్ కార్డ్ రాకపోతే డిగ్రీ మధ్యలో ఎఫ్‌-1 (విద్యార్థి వీసా)కి మారాల్సి వస్తుంది. జీతమున్న ఇంటర్న్‌షిప్ చేయాలంటే అంతకుముందే మారాలి, హెచ్‌-4 మీద పని చేయకూడదు. కాబట్టి అప్లై చేసేముందే రెసిడెన్సీ ఆఫీసుకి ఈమెయిల్ రాయండి: ‘ఎఫ్‌-1కి మారాక ఇన్-స్టేట్ ఫీజు కొనసాగుతుందా? ఈ స్కాలర్‌షిప్‌కి సిటిజన్ లేదా గ్రీన్ కార్డ్ ఉండాలా?’ జవాబు దాచిపెట్టుకోండి. నాలుగేళ్ల మొత్తం ఖర్చును రెండు రకాలుగా, ఇన్-స్టేట్‌తో ఒకసారి, అది పోతే ఎంతవుతుందని ఒకసారి వేసి చూడండి. రెండో అంకె మోయలేనిదైతే ఆ పేరు సేఫ్టీ వరసలో ఉండకూడదు.

మెకానికల్, సివిల్, ఎలక్ట్రికల్ అయితే ఏబెట్ (ఇంజనీరింగ్ కోర్సులను పరిశీలించే సంస్థ) గుర్తింపు ఆ ప్రోగ్రామ్‌కి ఉందో లేదో చూడాలి. అది యూనివర్సిటీ మొత్తానికి ఇచ్చేది కాదు. చాలా రాష్ట్రాల్లో రేపు పీఈ (ప్రొఫెషనల్ ఇంజనీర్) లైసెన్స్‌కి అవసరమవుతుంది. కంప్యూటర్ సైన్స్‌కి అంత పట్టింపు లేదు.

ఇలాంటి సేఫ్టీలు రెండు చాలు. కామన్ యాప్‌లో (చాలా కాలేజీలకు ఒకేచోట అప్లై చేసే సైట్) 20 కాలేజీలకు చోటుంది కదా అని ఆరు సేఫ్టీలు నింపితే వ్యాసాలు రాసే ఓపిక అక్కడే అయిపోతుంది. ఆ రెండింటిలో ఒకటి రోలింగ్ అడ్మిషన్ (అప్లికేషన్లు వచ్చినకొద్దీ నిర్ణయించే పద్ధతి) ఉన్నదైతే సెప్టెంబర్‌లోనే పంపేయండి. తరచుగా నవంబర్ చివరి థాంక్స్‌గివింగ్‌లోపే జవాబు వస్తుంది, అప్పుడు జాబితాలో అంతకంటే ఇష్టం లేని పేర్లన్నీ కొట్టేయొచ్చు. స్కాలర్‌షిప్, ఆనర్స్ (ప్రతిభావంతులకు ప్రత్యేక ప్రోగ్రామ్) గడువులు చాలాచోట్ల అడ్మిషన్ గడువు కంటే ముందే ముగుస్తాయని గుర్తుంచుకోండి. సబ్మిట్ నొక్కిన వారం తర్వాత పోర్టల్ తెరిచి చూడాలి. కొన్ని యూనివర్సిటీలు మార్కులను విద్యార్థే విడిగా ఎక్కించాలని అడుగుతాయి. అది చేయకపోతే అప్లికేషన్ ‘ఇన్‌కంప్లీట్’ అనే ఉండిపోతుంది, ఎవరూ చదవరు.