సోమవారం ఫోన్‌లో చెప్పనివి

చెల్లీ,

నువ్వూ మన కడవరి దిన పరిశుద్ధుల సంఘం తరఫున మిషన్‌కి, అంటే ఇల్లు వదిలి తలుపు తలుపుకీ వెళ్లి మతం బోధించే సేవకి, అప్లికేషన్ పెడుతున్నావని మొన్న సోమవారం అమ్మ చెప్పింది. వెనకాల నాన్న దగ్గు వినపడింది. ఆ దగ్గు నాకు కొత్త కాదు. రెండేళ్ల కిందట చదువు సగంలో ఆపి వెళ్తానన్నప్పుడు కూడా ఆయన ఏమీ అనలేదు, దగ్గారు అంతే.

"అన్నయ్య ఎప్పుడు చూసినా నవ్వుతూనే ఉంటాడు, అంత కష్టమైతే అలా ఉంటాడా" అని నాన్నతో వాదించావట. నా నవ్వుని సాక్ష్యంగా నిలబెట్టావు కాబట్టి దాని సంగతి నేనే చెప్పాలి. ఇంకో రెండు నెలల్లో నేనే వచ్చేస్తాను గానీ అప్పటికి నీ ఫారాలు వెళ్లిపోతాయి.

ఫారాల్లో భయపడాల్సిందేమీ లేదు. మన స్థానిక సంఘం పెద్ద అయిన బిషప్ ఇంటర్వ్యూ, అలాంటి కొన్ని సంఘాలకి పైనున్న స్టేక్ ప్రెసిడెంట్ ఇంటర్వ్యూ, డాక్టరు కాగితం, పళ్ల డాక్టరు కాగితం. అందరూ ఇంటర్వ్యూల గురించి బెంగపడతారు, నన్ను ఏడిపించింది మాత్రం పళ్ల డాక్టరే. జ్ఞానదంతాలు రెండూ ముందే తీయించుకోవాలన్నాడు. వాచిన దవడతో, టై కట్టుకుని ఫోటో దిగాను. ఎవరిని ఎక్కడికి పంపాలో నిర్ణయించే అపొస్తలుడు, అంటే సంఘం అగ్రనాయకుల్లో ఒకరు, అప్లికేషన్‌తో పాటు ఆ ఫోటో కూడా చూస్తాడట. నా దవడ చూసి ఆయనకి ఇంగ్లండ్ ఎందుకు తట్టిందో ఇప్పటికీ అర్థం కాదు. పిలుపు కంప్యూటర్‌లో తెరిచిన రోజు నువ్వు అరిచిన అరుపు గుర్తుందా? 'ఇంగ్లండ్ మాంచెస్టర్ మిషన్, 24 నెలలు.' నీకైతే 18 నెలలే. ఆ తర్వాత వీసా, టీబీ పరీక్ష, ఎదురుచూపు. అవి నువ్వు చూసినవే.

శిక్షణ మొదటి వారం ఇంట్లోనే లాప్‌టాప్ ముందు గడిచింది, తలుపు సందులోంచి నువ్వు వెక్కిరించేదానివి. మిగతాది చోర్లీలో, మన సంఘం ప్రెస్టన్ దేవాలయం పక్కనున్న శిక్షణ కేంద్రంలో. ఒకరు మిషనరీగా, ఇంకొకరు ఇంటి యజమానిగా నటిస్తూ పాఠాలు చెప్పుకున్నాం. నటించే యజమానులంతా భలే మంచివాళ్లు. కూర్చోబెట్టి, మొత్తం విని, మంచి ప్రశ్నలు అడిగేవాళ్లు. బయట అలాంటి మనిషి దొరకడానికి నాకు తొమ్మిది వారాలు పట్టింది.

రోజు ఎలా ఉంటుందో ఫోన్‌లో చాలాసార్లే చెప్పాను. పొద్దున 6:30కి లేవాలి, అరగంట వ్యాయామం, స్నానం, టిఫిన్, తర్వాత చదువు. మోర్మన్ గ్రంథం ఒంటరిగా చదువుకోవడం, ఆ తర్వాత ఇద్దరం కలిసి పాఠాలు సిద్ధం చేసుకోవడం. ఆపైన బయటికి. రాత్రి 9, 9:30కి ఇల్లు చేరి, రేపటి ప్లాన్ రాసుకుని, 10:30కి దీపం ఆర్పాలి. సినిమాలు లేవు, మన పాటలు లేవు, క్రికెట్ స్కోరు లేదు. మొదటి నెల స్కోరు తెలియకపోవడం పంటి నొప్పిలా ఉండేది. తర్వాత తెలిసింది, భారతదేశం నేను చూడకపోయినా గెలుస్తుంది, ఓడిపోతుంది.

చొక్కా జేబు మీద నల్ల బ్యాడ్జి. దాని మీద 'ఎల్డర్' అని, కింద సంఘం పూర్తి పేరు. ఎల్డర్ అంటే పెద్ద. 19 ఏళ్లకే పెద్దనయ్యాను. నిన్ను 'సిస్టర్' అంటారు, నీ వయసుకి అదే మర్యాదగా ఉంటుందిలే. వీధిలో మాత్రం అందరికీ మనం మోర్మన్లమే. ఆ ముద్దుపేరు వదిలేసి పూర్తి పేరు వాడమని 2018లో అప్పటి అధ్యక్షుడు రసెల్ ఎం. నెల్సన్ చెప్పారు గదా. వానలో, సగం తెరిచిన తలుపు ముందు నిలబడి 'యేసు క్రీస్తు యొక్క కడవరి దిన పరిశుద్ధుల సంఘము' అని ఇంగ్లీషులో మొత్తం చెప్పేలోగా ఆ సగం కూడా మూసుకుపోతుంది. నేను ఇప్పటికీ పూర్తిగానే చెబుతాను, కాకపోతే కొంచెం వేగంగా.

ఒక మంగళవారం లెక్కపెట్టాను. 42 తలుపులు. తెరుచుకున్నవి 11. రెండు మాటల కన్నా ఎక్కువ మాట్లాడినవాళ్లు ముగ్గురు. ఆ ముగ్గురిలో ఒకామె మమ్మల్ని కరెంటు మీటరు చూడ్డానికి వచ్చినవాళ్లనుకుంది. ఇక్కడివాళ్లు మొహం మీద తిట్టరు. "వద్దులే, లవ్" అని ఎంతో ప్రేమగా తలుపేస్తారు. మొదట్లో ఆ 'లవ్' విని నా చెవులు ఎర్రబడేవి, అది బస్సు డ్రైవరుకీ కూరగాయలు కొనేవాడికీ కూడా వాడే మాటని తెలిసేదాకా.

టీ సంగతి కూడా చెప్పాలి. లంకాషైర్‌లో టీని 'బ్రూ' అంటారు. లోపలికి పిలిచారంటే ముందు అడిగేది అదే. మనకి జ్ఞానవాక్యం అనే మన సంఘం ఆరోగ్య నియమం ప్రకారం టీ, కాఫీ లేవు. ఇంట్లో పెట్టింది వద్దనడం మన పెంపకంలో లేదు, అందుకే తలుపు మొహం మీద పడటం కన్నా అది ఎక్కువ ఇబ్బందిగా ఉండేది. ఒక ముసలావిడ కెటిల్ పెట్టేసి, కప్పులు కూడా తీసింది. వద్దన్నాక ఆవిడ మొహం చూడలేకపోయాను. నా ట్రైనర్, అంటే పని నేర్పడానికి మొదట నాకు జతగా ఇచ్చిన మిషనరీ, యూటా కుర్రాడు, పుట్టుకతోనే టీ వద్దన్నవాడిలా, "మీ దగ్గర స్క్వాష్ ఉందా?" అన్నాడు. స్క్వాష్ అంటే నీళ్లు కలుపుకునే పళ్ల రసం. ఆవిడ వెంటనే తేరుకుంది. ఆ రోజు నేర్చుకున్నాను. వద్దన్న నోటితోనే ఇంకోటి అడగాలి, ఇంటివాళ్ల చేతికి ఏదో ఒక పని ఇవ్వాలి. ఈ కిటుకు ఏ పుస్తకంలోనూ లేదు, రాసి పెట్టుకో.

ఇక కంపానియన్, అంటే మనకి జతగా ఇచ్చే మిషనరీ. నువ్వు అన్నిటికన్నా దీని గురించే ఆలోచించుకోవాలి. బాత్రూం తప్ప ఎక్కడికైనా ఇద్దరూ కలిసే, ఒకరికొకరు కనపడేంత, వినపడేంత దూరంలో. నువ్వు ఎంచుకున్న మనిషి కాదు, ఎవరిని ఇస్తే వాళ్లు. ఆరు వారాలకోసారి ట్రాన్స్‌ఫర్ కబురు వస్తుంది, ఉండమంటే ఉండాలి, సర్దుకోమంటే సూట్‌కేసులు సర్దుకోవాలి. నాకు ఇప్పటికి ఏడుగురు. ఇద్దరు జీవితాంతం అన్నదమ్ముల్లా ఉంటారు. ఒకడి పేరు తలుచుకోవడం ఇష్టం లేదు, వాడూ నా గురించి ఇంటికి ఇలాగే రాసి ఉంటాడు.

ట్రైనర్‌తో మొదటి గొడవ తడి తువ్వాలు మీద అనుకున్నాం ఇద్దరమూ. కాదు. వారానికోసారి ఇద్దరూ ఎదురెదురుగా కూర్చుని ఒకరి గురించి ఒకరు నిజం చెప్పుకోవాలి. నేను మూడు వారాలు "అంతా బాగుంది" అన్నాను. నాలుగో వారం అతను, "నువ్వు తలుపు దగ్గర ఒక్క మాట మాట్లాడవు, మొత్తం నేనే మోస్తున్నాను" అన్నాడు. నాకు ఒళ్లు మండింది. నేను నోరు తెరిచేలోగా నువ్వే మొదలుపెడతావు, నా ఇంగ్లీషు వాళ్లకి అర్థం కాదని నీ అనుమానం, అన్నాను. అతను చాలాసేపు మాట్లాడలేదు. "నీకు సాయం చేస్తున్నాననుకున్నాను" అన్నాడు చివరికి. మర్నాటి నుంచి ఒక తలుపు అతనిది, ఒక తలుపు నాది. తువ్వాలు మాత్రం అతను వెళ్లేదాకా మంచం మీదే ఉంది.

ఆ సోమవారం మీకేం చెప్పాను? "కంపానియన్ చాలా మంచివాడు." అబద్ధం కాదు. నేను మీకు రెండేళ్లుగా అబద్ధం చెప్పలేదు, నిజం పూర్తిగా చెప్పలేదు.

సోమవారం మా ప్రిపరేషన్ డే, అందరం పీ-డే అంటాం. బట్టలు ఉతుక్కోవడం, సరుకులు, జుట్టు కత్తిరించుకోవడం, ఇంటికి ఫోన్. సాయంత్రం ఆరుకి మళ్లీ డ్యూటీ. 2019 ఫిబ్రవరికి ముందు వెళ్లిన వాళ్లయితే ఏడాదికి రెండేసార్లు, క్రిస్మస్‌కీ మదర్స్ డేకీ, ఇంటివాళ్ల గొంతు వినేవాళ్లు. ఇప్పుడు వారం వారం వీడియో. పెద్దవాళ్లు మాకు అదృష్టవంతులని పేరు పెట్టారు. నిజమే గానీ, ఏడాదికి రెండుసార్లు నవ్వడం తేలిక. ప్రతి వారం కెమెరా ముందు నవ్వాలంటే సాధన కావాలి.

పదో నెలలో ఒకాయన మాతో పాఠాలు మొదలుపెట్టాడు. గిడ్డంగిలో రాత్రి షిఫ్టు. డ్యూటీ దిగి నిద్రపోకుండా నేరుగా చాపెల్‌కి వచ్చేవాడు. అయిదు ఆదివారాలు వచ్చాడు. మోర్మన్ గ్రంథంలో తనకి నచ్చని చోట్ల కూడా గీతలు పెట్టి తెచ్చేవాడు, నాకు అది భలే నచ్చేది. బాప్తిస్మానికి తేదీ పెట్టుకున్నాం, తెల్ల బట్టలు కొలత చూశాం. శనివారం పొద్దున వెళ్లి చాపెల్‌లో తొట్టికి నీళ్లు పట్టడం మొదలుపెట్టాం. అది మునిగి లేవాల్సిన తొట్టి, గంటల తరబడి నిండుతుంది. నడుము దాకా వచ్చాక మెసేజ్ వచ్చింది. క్షమించండి, కుర్రాళ్లూ, నేను రాలేను, ఇక ఫోన్ చేయకండి. అంతే. కారణం ఈ రోజుకీ తెలియదు.

పంపు కట్టేసి, అడుగున బిరడా తీశాం. నీళ్లు పోతుంటే మెట్ల మీద కూర్చుని చూశాం. అప్పటి కంపానియన్ టోంగా కుర్రాడు, ఆరడుగుల మనిషి, మెల్లగా కీర్తన పాడటం మొదలుపెట్టి మధ్యలో ఆపేశాడు.

సోమవారం అమ్మ "ఈ వారం ఏం చేశావు నాన్నా" అంది. "చాపెల్‌లో పని ఎక్కువ పడిందమ్మా" అన్నాను. నవ్వాను.

అదే నెలలో మీరేం చేశారో కూడా చెప్పనా? మూడు సోమవారాలు వరసగా నాన్న అదే కుర్చీలో, వీపు వెనక అదే దిండుతో కనపడ్డారు. అడిగితే "ఎండలమ్మా, బద్ధకం" అన్నారు. నాలుగో వారం నోరు జారింది నువ్వే. గాల్ బ్లాడర్ ఆపరేషన్ అయిందట, నేను దిగులు పడతానని చెప్పలేదట. ఆ రాత్రి 10:30 దాటినా నిద్ర పట్టలేదు. కోపం ఎవరి మీదో తేలలేదు. నేను నీళ్లు పోతుంటే చూసిన శనివారం, నాన్న ఆసుపత్రిలో ఉన్నారు. రెండు రోజుల తర్వాత ఒకరికొకరం బాగున్నామని చెప్పుకున్నాం.

ప్రెస్టన్‌లో ఉన్నప్పుడు పీ-డేకి అవెనమ్ పార్కుకి వెళ్లేవాళ్లం, రిబుల్ నది ఒడ్డుకి. 1837 జూలై 30న మన సంఘం మిషనరీ హీబర్ సి. కింబల్ ఆ నదిలోనే తొమ్మిది మందికి బాప్తిస్మం ఇచ్చాడు, బ్రిటన్‌లో మన సంఘానికి అవే మొదటివి. ఎవరు ముందు మునగాలని ఇద్దరు నది దాకా పరుగు పందెం పెట్టుకుంటే జార్జ్ డి. వాట్ గెలిచాడు. మా రోజుల్లో ఎవరైనా చాపెల్‌కి నడిచి వచ్చినా మాకు పండగే.

అదే ఊరికి 1933లో గోర్డన్ బి. హింక్లీ మిషనరీగా వచ్చాడు. ఒంట్లో బాగాలేదు, తలుపులు తెరుచుకోవడం లేదు. నా సమయం, మీ డబ్బు రెండూ వృథా అవుతున్నాయని తండ్రికి ఉత్తరం రాశాడు. నిన్ను నువ్వు మరిచిపోయి పనిలోకి దిగు అని తండ్రి జవాబు రాశాడు. ఆ కుర్రాడే తర్వాత సంఘానికి అధ్యక్షుడై, 1998లో ప్రెస్టన్ దేవాలయాన్ని ప్రతిష్ఠించాడు. ఇక్కడ ఏ కాన్ఫరెన్సులో చూసినా ఈ కథే. అందరూ తండ్రి జవాబు దగ్గర ఆగి పుస్తకంలో రాసుకుంటారు. నాకు మాత్రం కొడుకు ఉత్తరం మీదే కన్ను. ఆ ముక్క ఇంటికి రాయగలిగాడు చూడు. నేను పదో నెల దాకా రాయలేకపోయాను.

ఆపరేషన్ సంగతి తెలిసిన తర్వాతి సోమవారం, అమ్మని ఫోన్ నాన్నకి ఇమ్మని, మీరిద్దరూ లేకుండా మాట్లాడాను. తొట్టి సంగతి మొత్తం చెప్పాను. వచ్చెయ్ అంటారనుకున్నాను. రావద్దు అంటారేమోనని కూడా భయపడ్డాను. ఆయన కాసేపు ఆగి, "నిండటానికి ఎంతసేపు పట్టింది?" అన్నారు.

"మూడు గంటలైంది, సగమే నిండింది" అన్నాను.

"పోవడానికి?"

"గంట లోపే."

"ఊఁ" అన్నారు. "నాకు కుట్లు విప్పేటప్పుడు బాగా నొప్పెట్టింది. మీ అమ్మకి చెప్పలేదు" అన్నారు.

అప్పటి నుంచి ప్రతి సోమవారం చివరి పది నిమిషాలు మా ఇద్దరివి. ఏం మాట్లాడుకుంటామని నువ్వు అడిగేదానివిగా, ఇదే. ఆయన ఇప్పటికీ బాప్తిస్మం గురించి ఏమీ అడగరు, చాపెల్‌కి రారు. ఏ తలుపు దగ్గర ఏమన్నారో మాత్రం పూర్తిగా చెప్పాలి.

నాకు రెండేళ్లలో మూడు బాప్తిస్మాలు. అందులో ఒకామె మొన్న మా వార్డులో, అంటే ఇక్కడి స్థానిక సంఘంలో, మొదటిసారి ప్రసంగం చేసింది, చేతులు వణుకుతూనే. ఇదీ నీకు నేను చెప్పని వాటిలో ఒకటి, ఎందుకంటే చెబితే గొప్పలా ఉంటుందని. ఈ మధ్య నేను కాస్త ట్రంకీగా ఉన్నానని కంపానియన్ ఏడిపిస్తున్నాడు. అంటే మనసు అప్పుడే సూట్‌కేసులో పడిందని. కాదని వాదించడానికి నా దగ్గర ఏమీ లేదు, నిన్న కలలో కూడా మన మేడ మీదే ఉన్నాను.

ఈ ఉత్తరం నాన్నకీ చూపించు. ఆయన దగ్గితే, దగ్గనివ్వు, కాసేపు ఆగి మళ్లీ అడుగు. బూట్లు రెండు జతలు తెచ్చుకో, ఒకటి ఎప్పుడూ ఆరుతూ ఉంటుంది. ఫోటో మాత్రం పళ్ల డాక్టరు దగ్గరికి వెళ్లకముందే తీయించుకో.

మీ అన్నయ్య