డోవ్రెఫెల్ కొండల్లో మస్క్ ఆక్స్ మంద

నార్వేలో ఓస్లో నుంచి ట్రోండ్‌హైమ్ వెళ్లే రైలెక్కి, జూన్ నెలాఖరులో కోంగ్స్‌వోల్ స్టేషన్‌లో దిగాం. ఆ కొండల మీద మేసే మస్క్ ఆక్స్‌ను చూడాలని వచ్చాం. పేరులో ఎద్దు ఉన్నా ఇది మేకలకూ గొర్రెలకూ దగ్గరి చుట్టం. తూర్పు గ్రీన్‌లాండ్ నుంచి 1932లో తెచ్చి వదిలినవి రెండో ప్రపంచయుద్ధ కాలంలో అంతరించాయి. ఇప్పుడున్నవి 1947 నుంచి మళ్లీ తెచ్చినవాటి సంతతి.

బర్చ్ చెట్లు దాటగానే గాలి మొహాన కొడుతుంది, కాళ్ల కింద చిత్తడి నేల. చీలమండ దాటి పైకొచ్చే, నీరు పట్టని బూట్లు వేసుకోవాలి. లేకపోతే మేజోళ్లు తడిసి, ఆగి వెతికేటప్పుడు పాదాలు కొయ్యబారతాయి. ఎక్కేటప్పుడు ఎలాగూ చెమట పడుతుంది కనుక స్వెటర్ సంచిలోనే ఉంచి, ఆగిన వెంటనే తొడుక్కోవాలి.

అసలు కష్టం వెతకడంలో ఉంది. దూరం నుంచి ప్రతి నల్లబండా మస్క్ ఆక్స్‌లాగే కనిపిస్తుంది. బైనాక్యులర్స్‌తో ఒక్కోదాన్నీ రెండు నిమిషాలు చూడాలి. మేస్తున్నదైతే తల కదుపుతుంది. పడుకుని నెమరేస్తుంటే అది అచ్చం రాయే! అప్పుడు వీపు మీది లేతరంగు మచ్చే ఆనవాలు.

పొదలకు చిక్కుకున్న ఉన్ని కనిపిస్తే మంద ఆ దారిన వెళ్లినట్టే. వేసవి మొదట్లో లోపలి పొర ఊడిపోతుంది. దాన్నే కివియుట్ అంటారు. బూడిదరంగు పోగు ఒకటి తీసి పిడికిట్లో పెట్టుకుంటే బరువే తెలియదు, కాసేపటికి అరచెయ్యి మాత్రం వెచ్చబడుతుంది. మధ్యలో ముతకగా తగిలే పొడుగాటి వెంట్రుకలు పైపొరవి.

మంద కనిపించాక 200 మీటర్ల కంటే దగ్గరికి వెళ్లకూడదు. ఫొటో కోసం ముందుకు జరగడం కంటే 400 ఎంఎం లెన్స్ మోసుకెళ్లడం మేలు. తోడేలు వస్తే పారిపోకుండా నిలబడి ఎదుర్కోవడం వీటి అలవాటు, మనిషి దగ్గరికొచ్చినా అంతే. మీదికొస్తే గంటకు 60 కిలోమీటర్ల వేగం అందుకోగలవు. 1964లో ఇక్కడే ఒక మనిషి ప్రాణం పోయింది. ఒకవేళ అవే పరుగెత్తినా నష్టం వాటికే. వేసవిలో అంత ఉన్నితో ఒళ్లు వేడెక్కిపోతుంది, చలికాలం కోసం దాచుకునే కొవ్వు కరిగిపోతుంది.

మేం చూసిన మగది ముందు బుస కొట్టింది, తర్వాత ముక్కును ముంగాలికి రుద్దింది. రెండూ హెచ్చరికలే. వీపు తిప్పకుండా, పరుగెత్తకుండా అందరం కలిసి వెనక్కి నడిచాం. యాభై అడుగులు వేశామో లేదో, అది తల దించి మళ్లీ మేతలో పడింది.