మూసీ వరద ఫొటోతో నేను పడ్డ పాట్లు

నిన్న రాత్రి కథ పూర్తయింది. కోపం మాత్రం ఇంకా తగ్గలేదు, అందుకే ఇప్పుడే రాసేస్తున్నాను.

మా కథల బృందంలో ఈసారి పెట్టుకున్న నియమం ఇది: ఒక్కొక్కరు ఒక పాత ఫొటో ఎంచుకుని, రెండు వారాల్లో దాని మీద కథ రాసి అందరి ముందూ చదవాలి. ఏ ఫొటో కావాలో నాకు వెంటనే తెలిసిపోయింది. 1908 సెప్టెంబరు 28న హైదరాబాదును ముంచిన మూసీ వరద. మంచి ప్రతి కోసం ఒక కార్యాలయానికి మూడుసార్లు వెళ్ళాను. ‘కథ రాయడానికా?’ అని నవ్వి, సంతకం పెట్టే ఆయన సెలవులో ఉన్నారన్నారు. మూడుసార్లూ అదే మాట. చివరికి ఆబిడ్స్‌లో ఆదివారం పాత పుస్తకాల బజారులో ఒక ప్రతి దొరికింది. కూలిన గోడలు, బురదలో సగం కూరుకుపోయిన బిందె, మనకు వీపు చూపిస్తూ నిలబడ్డ తలపాగా మనిషి. కింద ఎవరో సిరాతో ‘రాజా దీన్ దయాళ్’ అని రాసి పెట్టారు. నమ్మేశాను.

మూడు రాత్రుల్లో కథ తయారైంది. నిజాం ఆస్థాన ఫొటోగ్రాఫర్ దీన్ దయాళ్ పడవలో నిలబడి, నల్లగుడ్డ కప్పుకుని, కెమెరాలోంచి చూస్తుంటారు. ఉస్మానియా ఆసుపత్రి చింతచెట్టు కొమ్మ మీద ఒక పిల్ల. ఇద్దరి చూపులూ కలుస్తాయి. రాస్తూ నేనే ఏడ్చాను.

చదవడం ముగించి తలెత్తాను. చప్పట్లు వస్తాయనుకున్నాను. వెనక వరసలో కూర్చున్న ఒక పెద్దాయన, విశ్రాంత ఉపాధ్యాయుడట, నెమ్మదిగా అడిగారు: “దీన్ దయాళ్ గారు 1905లోనే పోయారు కదమ్మా. మూడేళ్ళ తర్వాత పడవెక్కి ఎలా వచ్చారు?”

హాలంతా నవ్వు. నేనూ నవ్వబోయాను, పెదాలు కదలలేదు.

ఆయన అక్కడితో ఆగారా? “ఉస్మాన్ అలీ ఖాన్ గద్దెనెక్కిందే 1911లో. వరద నాటికి నిజాం మహబూబ్ అలీ ఖాన్. అప్పుడక్కడ ఉన్నది అఫ్జల్‌గంజ్ ఆసుపత్రి, అది ఆ వరదలోనే పోయింది. ఉస్మానియా అనే పేరు మీ పిల్లకు ఎలా తెలిసింది?”

“కథలో కల్పన ఉండకూడదా అండీ?” అన్నాను, గొంతు కొంచెం పైకే వెళ్ళింది.

“నిక్షేపంగా ఉండాలి. కానీ పోయిన వాళ్ళ చేత ఫొటోలు తీయించకండి.”

ఆ వాక్యం ఇంటికొచ్చాక కూడా చెవిలో మోగుతూనే ఉంది. అన్నం సయించలేదు. మా ఆయన ఓదారుస్తూ, “చెట్టు ఉన్నమాట నిజమే కదా” అన్నారు. నిజమే. దాదాపు 150 మంది కొమ్మలు పట్టుకుని ప్రాణాలు నిలుపుకున్నారని చెప్పుకునే చెట్టది. అయితే నా ఫొటోలో చెట్టే లేదు! లేనిదాని కోసం ఏడ్చి, ఉన్నదాన్ని చూడలేదన్నమాట. రోజుకు వంద ఫొటోలు ఫోనులో వేలితో తోసేసే కళ్ళకు ఒకే ఫొటో దగ్గర నిలబడే ఓపిక ఎక్కడిది?

మర్నాడు ఒక తెల్లకాగితంతో ఫొటోను కప్పి, నాలుగో వంతు మాత్రం తెరిచి, అక్కడ కనబడినవే రాశాను. తర్వాత ఇంకో వంతు. కుడివైపు కింద ఒక మసక ఉంది. ఇన్నాళ్ళూ దాన్ని మరక అనుకున్నాను. భూతద్దం పెడితే కింద రెండు పాదాలు స్పష్టంగా ఉన్నాయి, పైభాగమే చెదిరిపోయింది. ఎవరో బిందె వైపు వంగుతూ కదిలారు. కెమెరా తెర మూసుకునేదాకా ఆగలేదు. ఇది ఎవరూ చెప్పలేదు, నేనే కనిపెట్టాను. పెద్దాయన కంటికి కూడా ఆనలేదు.

కొత్త కథంతా ఆమెదే. అవును, ఆమె అనే రాసుకున్నాను. తీసినవాడి పేరు ఎక్కడా లేదు, ‘కెమెరా మనిషి’ అంతే. ‘కదలొద్దు’ అని అతను అరుస్తాడు, ఆమె వినదు, ఆ బిందె ఆమెది.

వచ్చే సమావేశంలో చదువుతాను. ముందు వరసలో కూర్చోమని పెద్దాయనకు నేనే ఫోను చేసి చెప్పాను. “తేదీలన్నీ సరిచూసుకున్నారా?” అన్నారు. కథలో ఒక్క తేదీ కూడా లేదని మాత్రం ఆయనకు చెప్పలేదు.