టికెట్ ఎవరిచ్చారమ్మా?

మా పెద్దమ్మాయి కోటు వేసుకుంటుంటే తెనాలి నుంచి మా నాన్న ఫోన్. ముప్పై ఏళ్లు పార్టీ జెండా మోసిన మనిషి. "మీవాడికి టికెట్ ఎవరిచ్చారమ్మా?"

మీవాడంటే ఆండ్రూ యాంగ్, అమెరికా అధ్యక్ష ఎన్నికకి డెమోక్రాటిక్ పార్టీ అభ్యర్థి కావాలని పోటీపడుతున్నాయన. మా అమ్మాయికి ప్రశ్నే అర్థం కాలేదు. "ఎవరూ ఇవ్వరు తాతయ్యా. ఇవాళ మేమే ఇస్తాం."

"మరి బీ-ఫారం?"

ఫోన్ తీసుకుని నేను చెప్పబోయాను. ఇక్కడ ఒక్కో రాష్ట్రంలో ప్రైమరీయో (అభ్యర్థి ఎవరో తేల్చే ఓటింగ్) కాకసో (అదే పనికి పేటపేటకీ పెట్టే పార్టీ సమావేశం) పెడతారు, అందులో వచ్చిన బలాన్ని బట్టి డెలిగేట్లు, అంటే పార్టీ ప్రతినిధులు, దక్కుతారు, వాళ్లు ఎండాకాలం మహాసభలో అభ్యర్థిని ఖాయం చేస్తారు, అసలు ఎన్నిక నవంబర్‌లో అని. "అయితే అధిష్ఠానం ఏం చేస్తుందిరా?" అన్నారు. వెంటనే జవాబు తట్టలేదు. విరాళాలు, టీవీ డిబేట్లు ముందే సగం మందిని ఇంటికి పంపేస్తాయి కానీ, అది చెబితే ఆయన "అదీ సంగతి" అంటారు.

2020 ఫిబ్రవరి 3, మేముండే అయోవా రాష్ట్రంలో డెమోక్రాట్ల కాకస్. డి మోయిన్ శివారులో మా పేటకి హైస్కూల్ జిమ్ ఇచ్చారు. మూలకో అభ్యర్థి పోస్టరు. నచ్చినవాళ్ల మూలకి వెళ్లి నిలబడాలి, తలలు లెక్కపెడతారు. రహస్య ఓటన్న మాటే లేదు, ఎదురింటాయన ఏ మూలనున్నాడో అందరికీ కనిపిస్తుంది. (ఇప్పుడా పద్ధతి లేదు. 2024లో డెమోక్రాట్లు పోస్టులో పంపే కార్డులకి మారిపోయారు.)

మా అమ్మాయికప్పుడు పదిహేడే. నవంబర్ ఎన్నికకి పద్దెనిమిది నిండితే చాలు, కాకస్‌కి రావచ్చు. పుట్టింది ఇక్కడే కాబట్టి పౌరసత్వం పేచీ లేదు. పన్నెండేళ్లుగా గ్రీన్‌కార్డ్ క్యూలో ఉన్న నాకు మాత్రం గోడవార, చూసేవాళ్ల వరసలో కుర్చీ.

జిమ్‌లో 212 మంది. నూటికి పదిహేను మంది లేని గుంపు లెక్కలోకి రాదు, అంటే కనీసం 32 మంది ఉండాలి. యాంగ్ మూలన తేలింది 27. ఇక వాళ్లు వేరే గుంపులో కలవాలి, లేదా ఇంటికి పోవాలి. అంతే, నాలుగు వైపుల నుంచీ బేరాలు మొదలయ్యాయి. ఇంకో అభ్యర్థి క్లోబుషార్ గుంపు నుంచి మా వీధి చివరి పెద్దావిడ కుకీల డబ్బా పట్టుకుని వచ్చింది. మా అమ్మాయి కుకీ తీసుకుంది. తింటూనే, కాలేజీ అప్పుల సంగతేంటని అడిగింది. ఆవిడ చెప్పింది. "అది చాలదండీ" అంది మా అమ్మాయి. పెద్దవాళ్లకి ఎదురు చెప్పకూడదని పదిహేడేళ్లు నూరిపోసినవాణ్ణి, కుర్చీలోంచి సగం లేచాను. నాకక్కడ మాట్లాడే హక్కు లేదని గుర్తొచ్చి కూర్చున్నాను. ఆవిడ నవ్వి, చేయి కలిపి, ఇంకొకరి దగ్గరికి వెళ్లింది.

చివరికి మా అమ్మాయి వెళ్లి నిలబడ్డ మూల, నేనైతే వెళ్లే మూల కాదు. కారులో ఆ మాట ఇద్దరం ఎత్తలేదు.

రాత్రి పదకొండు దాటింది. ఫలితాలు రాలేదు. మళ్లీ తెనాలి ఫోన్.

"ఎవరు గెలిచారమ్మా?"

"తెలీదు తాతయ్యా. లెక్కలు పంపే యాప్ మొరాయించిందట."

అవతల కాసేపు నవ్వు. "ఇంతోటి దానికి మూలల్లో నిలబడ్డారా?"